హవాయి పూటకూటియింటి లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఉత్సవ సంఘమువారు నన్ను “చిన్న వ్యాపారము, లెక్కల క్రమము” అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. లెక్కలు వ్రాయువాడు లెక్కలను గూర్చి మాటాడుటలో వింత లేదు. కాని ఉత్త లెక్క వినుట ఉప్పు లేని కూడు తినుట వంటిది. అందుచేత ఒక దేశమును, ఒక వంటకమును, ఆ వంటకమును నమ్ముకొని బ్రతుకు చిన్న పూటకూటిండ్లను తీసికొని వాని జమాఖర్చులు మీ ముందు విప్పి చూపదలచితిని. ఆ దేశము హవాయి. ఆ వంటకమునకు మూలము మనకు చిరపరిచితమైన చామదుంప.

“మన ఊరెక్కడ, హవాయి ఎక్కడ?” అని కొందరు నవ్వుకొనవచ్చును. ఉన్న ఊరు కదలకుండ లోకమును చూపుటకే గదా గ్రంథాలయము వెలసినది! ఈ బీరువాలలోని పుస్తకములే నన్ను అంత దూరము కొనిపోయినవి. పైగా పరాయివాని చిట్టాను చదువునప్పుడు మనకు కోపతాపములుండవు; తప్పొప్పులు తేటగా కనబడును. ఆ పిదప మన చిట్టాను మనము చూచుకొనవచ్చును.

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రము నడుమ, అమెరికా పడమటి తీరమునకు రెండువేల మైళ్ళకు పైగా దూరమున నున్నవి. ఒకప్పుడది స్వతంత్ర రాజ్యము. 1893లో అచ్చటి రాణి లిలియుఒకలానిని పదవినుండి తొలగించిరి. 1898లో ఆ దీవులు అమెరికాలో కలుపబడెను. 1959లో ఏబదవ రాష్ట్రమయ్యెను. ఆ దీవుల మూలవాసులు పూర్వము పడవలమీద సముద్రము దాటి వచ్చినప్పుడు తమతో తెచ్చుకొన్న మొక్కలలో ముఖ్యమైనది చామ. వారు దానిని ‘కాలో’ అందురు. మన పెరటిలో బావి గట్టున పెరుగు చామయు, వారి కాలోయు ఒకే జాతి మొక్క. మనకది పులుసులోనికి, వేపుడులోనికి వచ్చు కూర. వారికది కూర కాదు, కూడు. మనకు వరి యెట్లో వారికి చామ యట్లు.

పచ్చి చామ గొంతు గీరునని మన ఇల్లాండ్రందరికిని తెలియును. అందులో సూదులవంటి సన్నని స్ఫటికములుండును. దురద వాని వలననే. మన వారు చింతపండు పులుసు పెట్టి దాని నణచుదురు. హవాయివారు గంటల కొలది ఉడికించి అణచుదురు. ఉడికిన దుంపను తోలు తీసి, కొయ్యపలకమీద నుంచి, రాతి పొత్రముతో దంచి ముద్ద చేయుదురు. నీరు కలుపని గట్టి ముద్దకు ‘పయియయి’ అని పేరు. అది చాలదినములు నిలువ యుండును. దానికి నీరు చేర్చి పలుచన చేసినచో ‘పొయ్’ యగును. మన పొయ్యికిని వారి పొయ్‌కిని చుట్టరికము లేదు, వినికిడి పోలిక మాత్రమే. పొయ్ చిక్కదనమును వారు వ్రేళ్ళతో కొలుతురు. ఒక్క వ్రేలితో ఎత్తి తినగలిగినది చిక్కనిది. రెండు, మూడు వ్రేళ్ళు కావలసినది పలుచనిది. మొదటి దినమున తియ్యగానుండి, మరునాటినుండి పులియుచు వచ్చును. కొందరికి తియ్యనిదే ప్రీతి, పెద్దవారు పలువురికి పులిసినదే ప్రీతి. మన తరవాణి రుచి యెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఈ దుంపను గూర్చి వారికొక పురాణ కథ కలదు. వాకేఆ అను ఆదిపురుషునకు కలిగిన తొలి శిశువు ప్రాణము లేకయే పుట్టెనట. ఆ శిశువును ఇంటి ప్రక్కన పాతిపెట్టగా అచ్చట కాలో మొక్క మొలచెను. ఆ పిదప పుట్టిన బిడ్డకు అన్న పేరే పెట్టి హాలోఆ యనిరి. వాని సంతతియే హవాయి ప్రజలు. అనగా చామ వారికి పెద్దన్న. అన్న తమ్మునికి అన్నము పెట్టును. తమ్ముడు అన్నను కాపాడవలెను. తల్లిదుంప చుట్టును మొలచు పిలకను వారు ‘ఒహా’ అందురు. కుటుంబమునకు వారు వాడు ‘ఒహానా’ యను మాట దానినుండియే పుట్టినది. పొయ్ పాత్ర మూత తీసియున్నంతసేపు ఎవరును కలహింపరాదని, పరుషము లాడరాదని వారి ఆచారము, పెద్దన్న ఎదుట నున్నాడు గనుక. మన తైత్తిరీయోపనిషత్తు అన్నమును నిందింపకుండుటను వ్రతముగా విధించినది. సముద్రములు వేరైనను మనుష్యుని మనస్సు అన్నము ముందు ఒకే తీరున తల వంచుట చూడుడు.

ఇట్టి అన్నము అంగడికెక్కినప్పుడు ఏమగును? పెద్దన్నకు వెల కట్టుట యెట్లు? నేటి నా ప్రసంగమున ముఖ్యప్రశ్న యిదియే.

పూర్వము హవాయిలో వండుటయు, పొయ్ దంచుటయు మగవారి పని. ఈ మాట విన్నచో మన నలుడును, విరాటుని వంటశాలలోని వలలుడును సంతోషింతురు. స్త్రీపురుషులు కలసి భుజింపరాదనియు, స్త్రీలు పందిమాంసము, కొబ్బరి, అనేక రకముల అరటిపండ్లు తినరాదనియు కఠిన నియమములుండెడివి. 1819లో లిహోలిహో యను రాజు రాణులతో కలసి బహిరంగముగా భుజించుటతో ఆ కట్టుబాటు కూలిపోయెను. ఒక్క పంక్తిభోజనముతో ఒక ధర్మశాస్త్రము మారిపోయినది. ఆ దేశచరిత్రలో భోజనపంక్తికి అంత బలము కలదు.

ఆ తరువాత 1848లో భూముల పంపకము జరిగెను. అంతవరకు కొండనుండి కడలివరకు చీలికలుగా నుండి, సామాన్యులు సాగు చేసికొనుచు వచ్చిన భూమి, పట్టాల భూమి యయ్యెను. సామాన్య ప్రజలకు దక్కినది నూటికి ఒక వంతు కన్నను తక్కువ. చెరకు తోటలు విస్తరించెను. చీనా, జపాను, ఫిలిప్పీను మొదలగు దేశములనుండి కూలీలు వచ్చిరి. వారితో వరియన్నము వచ్చెను. పొలము పోయినవాడు పొయ్‌ను కొని తినవలసివచ్చెను. అట్లు పొయ్ కార్ఖానాలు వెలసెను. వానిని నడపినవారిలో చీనావారు పలువురు. యంత్రముతో రుబ్బిన పొయ్ సంచులలో నిండి అంగళ్ళకు చేరెను. చేతితో దంచునది ఇండ్లలోను, పండుగలలోను మాత్రము మిగిలెను.

అంగడికెక్కిన అన్నమునకు అధికారుల తనిఖీ తప్పదు. 1911లో హొనొలులు నగరమున కలరా వ్యాపించినప్పుడు అనుమానము పొయ్‌పై పడెను. దాని తయారీకి నిబంధనలు వచ్చెను. నిబంధన మంచిదే. పదిమందికి అన్నము పెట్టువాని చేతులు పరిశుభ్రముగా నుండవలెను. కాని నిబంధన వ్రాయువారు లోహపు పాత్రను, యంత్రమును మనస్సునందుంచుకొని వ్రాయుదురు. కొయ్యపలక, రాతిపొత్రము వారి పట్టికలో నుండవు. తుదకు ఒక వింత జరిగెను. తాతలనాటి పద్ధతిలో దంచిన పొయ్‌ను తాతలనాటి గడ్డమీద అమ్ముట చట్టవిరుద్ధమయ్యెను! అంగడిలో అమ్మరాదని ఆరోగ్యశాఖవారు అడ్డగించిరి. అప్పుడు దంచువారును, రైతులును, న్యాయశాస్త్రము చదువు విద్యార్థులును కలసి చట్టసభ నాశ్రయించిరి. 2011లో చట్టము వచ్చెను. చేతితో దంచినవాడు తానే నేరుగా తినువారికి అమ్మునప్పుడు, శుభ్రతను గూర్చిన షరతులు పాటించినచో, అనుమతి పొందిన వంటశాల లేకున్నను అమ్మవచ్చునని నిర్ణయించిరి. వారు ఆరోగ్యశాఖను తిట్టి ఊరకుండలేదు, శుభ్రత వద్దనలేదు. తమ రాయి, తమ కొయ్య కూడ శుభ్రముగా నుండగలవని చూపి, చట్టములోనే తమకొక చోటు సంపాదించుకొనిరి. చిన్న వ్యాపారికి ఇది గొప్ప పాఠము.

ఇక పూటకూటిండ్లకు వత్తము. 1946లో హొనొలులులో హెలెన్ చాక్ అను స్త్రీ ‘హెలెనాస్’ అను పేర చిన్న భోజనశాల తెరచెను. ఆ దేశపు పాతవంటలే అచ్చట దొరకును. చామాకులలో పందిమాంసము చుట్టి, పైన ‘తి’ అను మొక్క ఆకు కప్పి ఆవిరిపై ఉడికించు ‘లౌలౌ’; పొయ్యిపై వ్రేలాడగట్టి ఆరబెట్టిన మాంసము; కొబ్బరిపాలతో చేసిన ‘హౌపియ’ అను తీపి; వీనితోపాటు గిన్నెడు పొయ్. ఏబదియేండ్లకు పైగా ఆమె ఆ పొయ్యి నార్పలేదు. 2000 సంవత్సరమున జేమ్స్ బియర్డ్ సంస్థవారు ఆ చిన్న హోటలును అమెరికాలోని పేరెన్నిక గన్న ప్రాంతీయ భోజనశాలలలో నొకటిగా సత్కరించిరి. 2007లో ఆమె కన్నుమూసెను. మనుమడు ఆ శాలను నిలిపెను. 1947లో వైపహు అను ఊరిలో సెయిచి తొగుచి యనునాతడు ‘హైవే ఇన్’ తెరచెను. ఆతడు ఒకినావా వంశజుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను సంతతివారిని నిర్బంధించినప్పుడు శిబిరములోని వంటశాలలలో పనిచేసి పాకవిద్యకు మెరుగు పెట్టుకొన్నవాడు. ఆ శాలను మూడవ తరమువారు నడపిరి. 1960లో కపహులు వీధిలో వెలసిన ‘ఓనో హవాయియన్ ఫుడ్స్’ అను మరియొక శాల, పేరుప్రతిష్ఠలుండియు, 2017లో మూతబడెను.

ఒకే రకము వంట, ఒకే నగరము, దాదాపు ఒకే కాలము. ఒకటి నిలచుట, ఒకటి మూతబడుట ఏల? ఒక్కొక్క యింటి గుట్టు ఆ యింటివారికే తెలియును. పరుల గుట్టును నేను ఊహించి చెప్పను. కాని ఇట్టి వ్యాపారమున కెల్లను సామాన్యమైన లెక్క యొకటి కలదు. దానిని చెప్పుట నా వృత్తిధర్మము.

ఊహకొక పద్దు వ్రాయుదము. ఒకడు నూరు డాలర్ల చామదుంప కొనెననుకొందము. ఉడికించి, తోలు గీసి, చెడినవి ఏరివేయగా నాలుగవ వంతు తరుగు పోయెననుకొందము. ఇప్పుడు చేతిలో నున్న ముప్పాతిక సరుకే నూరు డాలర్ల సరుకు. అనగా సేరు దుంప వాస్తవపు వెల అంగటి వెలకన్న మూడవ వంతు హెచ్చు. ఈ తరుగును పద్దులో వ్రాయనివాడు మొదటిరోజే నష్టములో అడుగు పెట్టినవాడు.

తరువాత చేతి లెక్క. ఇద్దరు మనుష్యులు ఆరేసి గంటలు పనిచేసిరనుకొందము. మొత్తము 12 గంటలు. గంటకు 20 డాలర్ల వంతున 240 డాలర్లు. దుంప నూరు, చేయి రెండువందల నలుబది! పాతవంటలన్నిటి స్వభావమిది. వాని సరుకు చౌక, శ్రమ ప్రియము. లౌలౌ చూడుడు. ఆకు చౌకయే. కాని ఆకు కడుగుట, ఈనె తీయుట, చుట్టుట, కట్టుట, ఉడికించుట అన్నియు చేతిపనులు, గంటల పనులు. చామాకు సగము ఉడికినచో గొంతు పట్టుకొనును గనుక వంటచెరకులో గాని, గ్యాసులో గాని పిసినారితనము పనికిరాదు.

ఆ పనిచేసిన ఇద్దరును భార్యాభర్తలనుకొందము. వారు తమ కూలి వ్రాసికొనరు. “మన యింటి పనికి మనకు కూలి యేమి?” అందురు. అప్పుడు పద్దులో ఖర్చు నూరే కనబడును. రెండువందలకు అమ్మి నూరు లాభము వచ్చెనని మురియుదురు. నిజమునకు నూటనలుబది డాలర్లు తమ యొడలినుండి తీసి అంగడిలో పెట్టినారు. పదియేండ్లు, ఇరువదియేండ్లు అట్లు నడచును. నడుము వంగిన దినమున కొడుకును పిలిచి “ఇక నీవు చూడుము” అందురు. కొడుకు చదువుకొన్నవాడు, తన కూలి తాను లెక్క వేయును. గిట్టదని తేలును. తలుపు మూయును. లోకము “ఈ కాలపు పిల్లలకు పాతవంటలమీద ప్రేమ లేదు” అని నిందించును. ప్రేమ లేకపోలేదు, లెక్క అబద్ధము. తలిదండ్రులు తమ కూలిని వ్రాయకపోవుటచే బిడ్డలకు వ్యాపారమునకు బదులుగా బాకీ నిచ్చిరి.

“అయినచో వెల పెంచవలెను, అంతియే గదా” అని మీరందురు. ఇక్కడనే అసలు చిక్కు. హవాయి దీవులలో ఆహారపదార్థములలో అధికభాగము ఓడలపై వచ్చును. ఇంటి అద్దెలు మిక్కిలి హెచ్చు. బ్రతుకుతెరువునకై ఆ దీవులు విడిచి అమెరికా ప్రధాన భూభాగమునకు వలసపోయిన హవాయి కుటుంబములనేకములు. వెల పెంచినచో యాత్రికుడు కొని తినును. ఆ వంట ఎవరిదో ఆ కుటుంబము తినలేదు. చౌకబియ్యము కొనుక్కొని పోవును. ఏ అన్నము తమ అన్నయో, ఆ అన్నము తమ పళ్ళెములో లేక పరాయివాని పళ్ళెములో వింతగా వెలయును. వెల తగ్గించినచో దంచువాడు చచ్చును. వెల పెంచినచో తినవలసినవాడు దూరమగును. ఈ రెండింటి నడుమ సన్నని గట్టుమీద నడచుట ఆ పూటకూటియింటివాని బ్రతుకు.

పొయ్‌కు తోడు మరియొక లక్షణము కలదు. అది నిలువ యుండు సరుకు కాదు, మారు సరుకు. నేటిది తియ్యన, ఎల్లుండిది పులుపు. తియ్యదనము కోరువానికి నేటిదానిని, పులుపు కోరువానికి మొన్నటిదానిని ఇచ్చు నేర్పున్నవానికి తరుగు తగ్గును. నేర్పు లేనివానికి రెండును కుప్పలో పోవును. దంచిన ముద్దను గట్టిగానే యుంచి, కావలసినప్పుడు నీరు కలుపుట పూర్వుల యుక్తి. మిగులు దుంపను తురిమి కొబ్బరి, తీపి చేర్చి ‘కులోలో’ యను తీపి చేయుదురు. చిన్న వ్యాపారమున లాభము మొదటి అమ్మకమున రాదు. మిగిలినదానిని ఏమి చేసితిమను దానిపై వచ్చును.

ఇప్పుడు ఆ చిట్టాలో ఎన్నడును వ్రాయబడని పద్దు నొకదానిని చెప్పవలసియున్నది. అది నీరు. వరిమడివలె కట్టిన మళ్ళలో, పారెడు చల్లని నీటిలో కాలో పెరుగును. నాటిననాటినుండి త్రవ్వువరకు సుమారు ఏడాది పట్టును. ఏటినుండి కాలువ తీసి, మడినుండి మడికి నీరు పారించి, మిగిలిన నీటిని తిరిగి ఏటికే విడుతురు. ఎవడును నీటిని తన మడిలోనే కట్టిపెట్టుకొనరాదు. వారి భాషలో ‘వై’ యనగా నీరు, ‘వైవై’ యనగా సంపద. నీటిని రెండుమారులు పలికినచో సంపద యగునన్నమాట!

ఓఆహు దీవిలో వయాహోలె యను లోయ కలదు. 1916లో చెరకు కంపెనీలవారు కొండలను తొలిచి, సొరంగముల గుండ ఆ ప్రాంతపు నీటిని దీవి యావలి వైపునకు మరలించిరి. లోయలోని మళ్ళు ఎండెను. 1995లో ఆ నీరు వాడుకొనుచుండిన చెరకు కంపెనీ మూతబడెను. చెరకు పోయినది, నీరు ఎవరిదను వ్యాజ్యము మిగిలెను. 2000 సంవత్సరమున హవాయి సర్వోన్నత న్యాయస్థానము నీరు ప్రజల పక్షమున ప్రభుత్వము ధర్మకర్తగా కాపాడవలసిన సొత్తని తీర్పు చెప్పెను. అదే లోయలో శతాబ్దము దాటిన పొయ్ కార్ఖానా కట్టడము కలదు. ఇటీవలి కాలమున అది పాతవంటల భోజనశాలగా తిరిగి ప్రాణము పోసికొనెను. ఆ శాల గిన్నెలోని పొయ్ వెలలో, కొండలోని సొరంగపు కథయు, న్యాయస్థానపు తీర్పును కలిసియున్నవి. ఏటికి నీరు తిరిగి వచ్చినగాని మడి పండదు. మడి పండినగాని గిన్నె నిండదు.

నీరు లేనప్పుడు ఒక కష్టము, హెచ్చినప్పుడు మరియొకటి. 2018 ఏప్రిలులో కవాయి దీవిలో, హనలేయి సమీపమున, 24 గంటలలో 49 అంగుళములకు పైగా వాన కురిసెను. అమెరికా దేశమంతటను అదివరకెన్నడును ఒక దినమున అంత వాన నమోదు కాలేదు. ఆ రాష్ట్రమున చామసాగుకు పెట్టినది పేరైన ప్రాంతమది. మళ్ళు మునిగెను, బురద పేరుకొనెను. ఏడాదికి గాని చేతికి రాని పంట ఒక్కరాత్రిలో పోయినచో, రేపు హోటలువాడు ఏమి వడ్డించును? అందుచేతనే వివేకముగల పూటకూటియింటివాడు రైతుతో బేరమాడుటకన్న రైతు నిలచియుండుటకే ఎక్కువ శ్రద్ధ చూపవలెను. రైతును పది డాలర్లు తగ్గింపుమని పీడించినవాడు, రైతు చామను మానిన మరునాడు నూరు డాలర్లు పెట్టినను దుంప కనబడక తలుపు మూసికొనును.

యాజమాన్యమును గూర్చిన కథ కూడ నొకటి చెప్పెదను. హవాయి విశ్వవిద్యాలయమువారు తెగుళ్ళకు తట్టుకొను చామరకములు మూడింటిని పెంపొందించి, 2002లో వానిపై పేటెంటు పొందిరి. అనగా ఆ రకములకు తాము హక్కుదారులమనిరి. రైతులును, మూలవాసులును ఆందోళన చేసిరి. “మా పెద్దన్నకు మీరు యజమానులెట్లగుదురు?” అన్నది వారి ప్రశ్న. విద్యావంతులకు తెగులు బాధ తెలియును, వారి యుద్దేశము మంచిదే కావచ్చును. అయినను 2006లో విశ్వవిద్యాలయమువారు ఆ హక్కులను విడిచిపెట్టిరి. అన్నిటికిని వెల కట్టవచ్చును గాని, అన్నిటికిని యజమాని యుండడు. వెలకును యాజమాన్యమునకును గల ఈ తేడాను ఎరుగుట వ్యాపారధర్మమునకు పునాది.

కొందరు చాదస్తులు “పాతవంట యనగా వేయేండ్లనాడున్నట్లే యుండవలెను” అందురు. హవాయి భోజనమున ‘లోమి సాల్మన్’ అను పచ్చడి తప్పక యుండును. ఉప్పుచేప, టొమాటో, ఉల్లి కలిపి చేయుదురు. ఆ చేప హవాయి జలములది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా వాయవ్య తీరమునుండి ఓడలపై ఉప్పులో నూరివచ్చినది. టొమాటోయు బయటిదే. అయినను నేడది వారి సొంతవంట. మన గోంగూర పచ్చడిలోని మిరపకాయయు సముద్రము దాటి వచ్చినదే గదా! నేను పైని చెప్పిన హోటళ్ళవారిలో మూలవాసులు కానివారును కలరు. వంట రక్తమునుబట్టి కాక, శ్రద్ధనుబట్టి నిలచును. అట్లే యంత్రమును శత్రువనరాదు. యంత్రపు పొయ్ లేకున్నచో నూరేండ్లపాటు పట్టణములోని పేదయింటికి పొయ్ యే చేరెడిది కాదు. కాని యంత్రముతో రుబ్బినదానిని చేతితో దంచినదని చెప్పి అమ్ముట దొంగతనము. పద్ధతి మారవచ్చును, పేరు అబద్ధమాడరాదు.

ఇంత చెప్పిన పిదప, చిన్నపాటి భోజనవ్యాపారము చేయదలచినవారికి, అది చామదుంపయైనను, పూతరేకులైనను, సున్నుండలైనను, నేను చెప్పదగిన సూత్రములు నాలుగే.

మొదటిది: ఇంటివారి చేతికూలిని, మీరు తీసికొనకపోయినను, పద్దులో వ్రాయుడు. వదలుకొనుట ఔదార్యము, వ్రాయకుండుట ఆత్మవంచన. వ్రాసి వదలుకొన్నచో ఎంత వదలుకొన్నారో తెలియును. మీ యింటి ఆడువారి శ్రమ ఆ పద్దులో మొట్టమొదట కనబడవలెను.

రెండవది: సరుకు పండించువాని బాకీని మీ లాభముకన్న ముందు తీర్చుడు. ఆతడు మీ వ్యాపారమునకు వేరు. వేరునకు నీరు పోయక కొమ్మకు పందిరి వేయుట వ్యర్థము.

మూడవది: వెల పెంచక తప్పనప్పుడు పెంచుడు, కాని ఊరివారు కొనగలిగిన చిన్న కొలత నొకదానిని విడువక యుంచుడు. పెద్ద పళ్ళెము యాత్రికునకు, చిన్న గిన్నె ఇరుగుపొరుగునకు. చిన్న గిన్నెపై లాభము స్వల్పమైనను, తినువారి తరువాతి తరమును అదియే పెంచును. రుచి యెరుగని బిడ్డ రేపు కొనువాడు కాడు, వండువాడును కాడు.

నాలుగవది: అధికారి నిబంధన అడ్డువచ్చినచో దొంగదారి త్రొక్కకుడు, నిరాశపడి మానకుడు. నిబంధనలోని న్యాయమును ఒప్పుకొని, మీ పద్ధతిలోని న్యాయమును చూపుడు. ఒక్కరు కాక పదిమంది కలసి అడుగుడు. రాతిపొత్రమునకు చట్టములో చోటు దొరకగా, మన రోలునకు దొరకకపోవునా?

ఈ నాలుగును పాటించినచో ధనవంతులగుదురని నేను హామీ యీయను. హవాయి పూటకూటియింటివారిలో కోటీశ్వరులను నేను పుస్తకములలో కూడ చూడలేదు. కాని తలుపు తెరచియుండును. ఒక జాతి తన అన్నమును తానే తినగలుగుట, తన బిడ్డకు తానే తినిపింపగలుగుట, ఆ తలుపుపై ఆధారపడియున్నది. అది చిన్న సంగతి కాదు. భూమిని, రాజ్యమును పోగొట్టుకొన్నవారికి తమదని చెప్పుకొనుటకు మిగిలినవి భాష, పాట, పళ్ళెములోని ముద్ద. ఆ ముద్దను కాపాడుచున్నది ఒక చిన్న అంగడిలో తెల్లవారుజామున దుంప తోలు గీయుచున్న మనుష్యుడు. వాని చిట్టా సరిగా నుండవలెనని నేను కోరుట అందుకే.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము నిలచుటకు కారణము కూడ ఇట్టి లెక్కయే. చందా చిన్నది, శ్రమ పెద్దది. తాళము తీసినవారు, పుస్తకములకు అట్టలు వేసినవారు, దీపము వెలిగించినవారు తమ కూలిని వదలుకొనిరి. ఆ వదలుకొన్నదానిని నేడు ఈ సంచికలో పద్దు వ్రాసి చూపుట మన విధి. హవాయి రైతు నీటిని తన మడిలో కట్టిపెట్టుకొనక దిగువ మడికి విడచునని చెప్పితిని. మీరు చదివిన పుస్తకమును గడువులోపల తిరిగి యిండు. క్రింది మడివాడు వేచియున్నాడు.